బి.పి. ఉందని తెలుస్తోంది, అదుపులోకే రావడం లేదు
పరీక్షలతో సరిపెడుతున్న పల్లెలు – నెల నెలా మందు అందడమే అసలు సమస్య

ఏలూరు: 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు పట్టణంలో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోతుంటే దేశమంతా ఇటు తిరిగి చూసింది. అయిదు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆ వింత జబ్బుకు కారణం తేల్చడానికి ఢిల్లీ నుంచి, మంగళగిరి నుంచి, హైదరాబాదు నుంచి నిపుణులు దిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారూ వచ్చారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. కొద్ది రోజుల్లోనే ఆ కలకలం సద్దుమణిగింది.

కాగా, ఏ కలకలమూ లేకుండా ఏళ్ళ తరబడి ఇదే ప్రాంతంలో మనుషులను మంచాన పడేస్తున్న జబ్బు మరొకటి ఉంది. అదే రక్తపోటు. పల్లెల్లో ఎవరిని అడిగినా బి.పి. అంటారు. ఇది కొత్త జబ్బు కాదు. కారణం తెలియనంత వింత జబ్బూ కాదు. మందు ఉంది, ఆ మందు చౌక, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం కూడా. కొలిచే యంత్రం ఊరూరికీ వచ్చింది. అయినా పక్షవాతంతో పడిపోయేవారు, గుండెపోటుతో పొలం గట్టునో చెరువు గట్టునో కూలిపోయేవారు తగ్గడం లేదు. లోపం ఎక్కడ ఉందన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

గోదావరి పల్లెల్లో ఇరవై ఏళ్ళ కిందటి లెక్క

పల్లెటూళ్ళలో జనం జ్వరాలతోనో, విరేచనాలతోనో, పాము కాటుతోనో పోతారని, గుండె జబ్బులు పట్నాల్లో కుర్చీలో కూర్చునే వారికే వస్తాయని చాలా కాలం అందరూ అనుకున్నారు. ఆ మాట తప్పని తేలింది మన గోదావరి జిల్లాల్లోనే. 2003, 2004 సంవత్సరాల్లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన ప్రతి మరణానికీ కారణం ఏమిటో ఇంటింటికీ వెళ్ళి రాసుకున్నారు. ఆ గ్రామాల జనాభా సుమారు లక్షా ఎనభై వేలు. పన్నెండు నెలల్లో 1,354 మంది చనిపోయారు. వారిలో నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. అందులో గుండెపోట్లు, పక్షవాతం దాదాపు సరి సమానం. అంటువ్యాధులతో పోయినవారు నూటికి 12 మంది మాత్రమే. ప్రమాదాలు, ఆత్మహత్యలు అన్నీ కలిపినా 13 మంది. ఆ వివరాలు 2006లో అంతర్జాతీయ వైద్య పత్రికలో వెలువడి, పల్లెల జబ్బుల గురించి ప్రపంచం ఆలోచించే తీరునే మార్చాయి.

ఆ తరువాతి లెక్కలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళు దాటిన ఆడవారిలో నాలుగో వంతు మందికి, మగవారిలో అంతకంటె కొంచెం ఎక్కువ మందికి రక్తపోటు ఎక్కువగానైనా ఉంది, లేదా వారు దానికి మందైనా వాడుతున్నారు. నలుగురున్న ఇంట ఒకరికి అన్నమాట.

ఇంతకంటె విచారకరమైన లెక్క 2023 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. భారతదేశంలో 30 నుంచి 79 ఏళ్ళ లోపు వారిలో రక్తపోటు ఉన్నవారు సుమారు 18 కోట్ల 80 లక్షల మంది. వారిలో నూరు మందిని తీసుకుంటే, తమకు ఆ జబ్బు ఉన్నదని తెలిసినవారు 37 మంది. మందు వాడేవారు 30 మంది. అదుపులో ఉన్నవారు 15 మంది. అంటే మందు వాడుతున్నామనుకునే వారిలో కూడా సగం మందికి అది అదుపులో లేదు.

ఆశా కార్యకర్తలు కనిపెట్టారు, కాని...

జబ్బు ఉన్నట్టు తెలియకపోవడమే సమస్య అయితే ఇంటింటికీ వెళ్ళి కొలిస్తే సరిపోవాలి. ఆ పనీ పశ్చిమ గోదావరి పల్లెల్లో జరిగింది. గత దశాబ్దంలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో పరిశోధకులు ఆశా కార్యకర్తలకు రక్తపోటు యంత్రం, పలకలాంటి చిన్న కంప్యూటరు ఇచ్చి శిక్షణ ఇచ్చారు. నలభై ఏళ్ళు దాటిన సుమారు 62 వేల మంది ఈ పథకం కిందికి వచ్చారు. అందులో ఎనిమిది వేల అయిదు వందల మందికి పైగా గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారని తేలింది. వారిని డాక్టరు వద్దకు పంపారు, మళ్ళీ మళ్ళీ కలిశారు.

చదువు అంతంత మాత్రమైన ఆశాలు ఈ పని చేయలేరని అన్నవారి నోళ్ళు మూతపడ్డాయి. వారు చక్కగా చేశారు. అయితే 2019లో వెలువడిన ఫలితం మాత్రం ఆలోచింప జేసేదిగా ఉంది. ఈ పథకం నడిచిన కాలంలో రక్తపోటు అదుపులో ఉన్నవారు నూటికి 41 మంది. పథకం మొదలు కాని ఊళ్ళలో 39 మంది. తేడా లేనట్టే లెక్క.

ఇందులో ఆశాల తప్పేమీ లేదు. కొలవడం మొదటి మెట్టు మాత్రమే. డాక్టరు మందు రాయాలి, ఆ మందు ఊళ్ళో దొరకాలి, మనిషి దాన్ని రోజూ వేసుకోవాలి, నెల తిరిగేసరికి మళ్ళీ మందు చేతికి రావాలి, మళ్ళీ కొలవాలి, తగ్గకపోతే మోతాదు పెంచాలి. ఈ గొలుసులో ఏ ఒక్క కడియం ఊడినా మొదట చేసిన పరీక్ష దండగే. ఇటీవలి సంవత్సరాల్లో వైద్య శిబిరాలు, పరీక్షల ప్రచారం ఎంత పెరిగినా, తరువాతి మెట్ల మీద అంత శ్రద్ధ లేదన్నది గమనార్హం.

ఉప్పుటేరు పూడినట్టే

రక్తపోటు అంటే ఏమిటో కొల్లేటి వారికి వేరే చెప్పనక్కర లేదు. బుడమేరు, తమ్మిలేరు, మరెన్నో కాల్వలు నీరు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. ఆ నీరు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. ఎగువ నుంచి నీరు ఎక్కువ వచ్చినా, ఉప్పుటేరు పూడిపోయినా కొల్లేరు ఉబ్బుతుంది. గట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కడో ఒకచోట గండి పడుతుంది.

మనిషి ఒంట్లోనూ అంతే. గుండె నిమిషానికి సుమారు అయిదు లీటర్ల రక్తాన్ని నాళాల్లోకి తోస్తుంది. ఉప్పు ఎక్కువ తింటే ఒంట్లో నీరు నిలిచి రక్తం పాలు పెరుగుతుంది. అది ఎగువ నుంచి వరద రావడం వంటిది. వయసు మీదపడే కొద్దీ, పొగ తాగడం, బరువు పెరగడం, సారా, మధుమేహం వల్ల సన్న రక్తనాళాలు బిరుసెక్కి ఇరుకవుతాయి. అది ఉప్పుటేరు పూడడం వంటిది. గండి మెదడులో పడితే పక్షవాతం. గుండె నాళం మూసుకుపోతే గుండెపోటు. మూత్రపిండాల్లోని సన్న జల్లెడలు చెడితే చివరికి డయాలిసిస్. కంటి నరాలు చెడితే చూపు మందగిస్తుంది.

కొలతలో రెండు అంకెలు ఉంటాయి. గుండె రక్తాన్ని తోసినప్పుడు ఉండే ఒత్తిడి పై అంకె. గుండె సేద తీరినప్పుడు ఉండేది కింది అంకె. వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉంటే అది రక్తపోటు జబ్బు. మధుమేహం ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు 130 పైన పోకుండా చూసుకోవాలని వైద్యులు చెబుతారు. పై అంకె పది తగ్గితే చాలు, పక్షవాతం వచ్చే ప్రమాదం సుమారు నాలుగో వంతు తగ్గుతుందని అనేక దేశాల పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది.

చిత్రమేమంటే, చేపల చెరువు రైతు నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో, ఉప్పదనం ఎంత ఉందో క్రమం తప్పక పరీక్ష చేయిస్తాడు. రొయ్య పైకి తేలే దాకా ఆగితే పంట పోయినట్టేనని అతనికి తెలుసు. తన ఒంటి సంగతి వచ్చేసరికి మాత్రం పడిపోయే దాకా ఆగుతాడు.

మందు ఎందుకు మానేస్తున్నారు?

మొదటి కారణం: ఈ జబ్బుకు నొప్పి లేదు. తలనొప్పి వస్తేనో, కళ్ళు తిరిగితేనో బి.పి. ఉన్నట్టు అనుకోవడం పరిపాటి. నిజానికి చాలా మందిలో ఏ గుర్తూ కనిపించదు. కోపం వచ్చినప్పుడు "నాకు బి.పి. పెంచకు" అనడం మాటల్లో అలవాటైపోయింది. దానితో ఇది కోపిష్టి వారి జబ్బని, నెమ్మదస్తులకు రాదని ఒక భ్రమ పాతుకుపోయింది. ఎంతో నిదానంగా ఉండేవారికీ, సన్నగా ఉండేవారికీ, రోజంతా ఒళ్ళు వంచి పనిచేసే తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు హమాలీకీ ఇది రావచ్చు.

రెండవ కారణం: "మొదలుపెడితే జన్మంతా వాడాలి, అందుకే మొదలుపెట్టకూడదు" అన్న మాట. జన్మంతా వాడవలసి రావడం మందు పెట్టిన అలవాటు కాదు, జబ్బు స్వభావమే అది. కళ్ళజోడు పెట్టుకుంటే చూపు కనిపిస్తుంది, తీసేస్తే మళ్ళీ మసకే. అంతమాత్రాన కళ్ళజోడు చూపు చెడగొట్టిందని ఎవరూ అనరు. మందు కూడా అంతే.

మూడవ కారణం: "నెల వాడాను, తగ్గిపోయింది, మానేశాను." తగ్గింది మందు వల్లనే. మానితే కొద్ది రోజుల్లోనే మళ్ళీ పెరుగుతుంది. కొన్ని మందులు, ముఖ్యంగా అటెనొలాల్ వంటివి, ఒక్కసారిగా ఆపేస్తే గుండెకు ప్రమాదం కూడా. వేసవిలో నీరసంగా ఉండి బి.పి. పడిపోయిందని అనిపిస్తే కొలిపించుకొని డాక్టరును అడిగి మోతాదు తగ్గించుకోవాలి తప్ప, తోచినట్టు మానకూడదు.

నాలుగవ కారణం మనిషి చేతిలో లేనిది. ఆరోగ్య కేంద్రంలో ఒక నెల ఆమ్లోడిపిన్ ఉంటుంది, మరో నెల ఉండదు. పది రోజులకు ఇచ్చి మళ్ళీ రమ్మంటే కూలి మానుకొని రావడానికి ఎవరికీ ప్రాణం ఒప్పదు. చెరువుల కాపలా పనికి పోయిన కుటుంబాలు నెలల తరబడి గట్టు మీద గుడిసెల్లోనే ఉంటాయి. ఆశా వారి ఇంటికి వెళ్ళేసరికి తాళం కనిపిస్తుంది. ఒక డాక్టరు రాసిన బిళ్ళ మరో చోట దొరకదు, రంగు మారితే ముసలివారు వేసుకోరు. ఈ చిన్న చిన్న అడ్డంకులే అన్నీ కలిసి పెద్ద గండి అవుతున్నాయి.

ఈ మందుల గురించి అనవసర భయాలు వద్దు. ఆమ్లోడిపిన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. కొందరికి పాదాల వాపు రావచ్చు. టెల్మిసార్టాన్ నాళాలు బిగుసుకోకుండా చూస్తుంది. క్లోర్‌థాలిడోన్ ఎక్కువైన ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపిస్తుంది. ఎనలాప్రిల్ వల్ల కొందరికి పొడి దగ్గు వస్తుంది. ఏ ఇబ్బంది వచ్చినా మార్చడానికి మరో మందు ఉంది. ఒక్క బిళ్ళతో అదుపు కాక రెండు మూడు వాడవలసి రావడం సాధారణం, అందుకు దిగులు పడనక్కర లేదు. అయితే గర్భం దాల్చిన, దాల్చబోయే ఆడవారు టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వాడరాదు. బిడ్డకు ప్రమాదం. గర్భిణులకు ప్రతి నెలా బి.పి. చూడడం తప్పనిసరి. ముఖం, చేతులు వాచి, తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మితే అది గుర్రపు వాతానికి దారి తీయవచ్చు.

నొప్పి బిళ్ళలు, సెలైను సీసాలు

నాట్లు, కోతలు, చేపల పట్టుబడి రోజుల్లో ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలు, సూదులు వాడటం పల్లెల్లో నిత్యకృత్యం. ఈ నొప్పి మందులు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి రక్తపోటును పెంచుతాయి. బి.పి. మందు పనిని చెడగొడతాయి. మూత్రపిండాలకూ ముప్పే. బి.పి. ఉన్నవారు ఏ నొప్పికైనా మందు అడిగేటప్పుడు ముందుగా తమ జబ్బు సంగతి చెప్పడం అవసరం.

నీరసానికి సెలైను పెట్టించుకోవడం మరొక అలవాటు. అరలీటరు ఉప్పు సెలైను సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే ఒక మనిషి రోజంతా తినదగిన ఉప్పు దాదాపుగా ఆ ఒక్క సీసాలోనే నేరుగా రక్తంలోకి వెళుతుంది. వాంతులు, విరేచనాలతో నీరు పోయినవారికి అది ప్రాణదాత. బి.పి. ఉండి, ఊరికే నీరసంగా ఉన్నవారికి మాత్రం డబ్బిచ్చి కొనుక్కున్న కీడు.

కిలో ఉప్పు ఎన్నాళ్ళు రావాలి?

ఉప్పూ కారం తినే మనిషికి రోషం ఉంటుందని మనవారి మాట. రోషం సంగతి ఎలా ఉన్నా, ఉప్పు మోతాదు దాటుతున్న మాట నిజం. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒక చిన్న చెంచాడు. ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ద్వారా లెక్క కడితే సగటున ఒక మనిషి రోజుకు 9 గ్రాములు దాటి తింటున్నట్టు 2017లో వెలువడిన పరిశోధనలో తేలింది.

దీన్ని ఏ ఇల్లాలైనా ఇంట్లోనే లెక్క చూసుకోవచ్చు. నలుగురు పెద్దవారున్న ఇంట్లో కిలో ఉప్పు పొట్లం 50 రోజులు రావాలి. నెల తిరగకుండానే అయిపోతోందంటే రెట్టింపుకు దగ్గరగా తింటున్నట్టే. ఇందులో ఆవకాయ, మాగాయ జాడీలో పోసిన ఉప్పు, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండు చేపలు లెక్కకు రాలేదు. కొల్లేటి ఊళ్ళలో తాజా చేపకు కొదవ లేదు, దాని వల్ల ఇబ్బందీ లేదు. ఉప్పు చేపే చిక్కు. దాన్ని బాగా నానబెట్టి రెండు మూడు నీళ్ళు మార్చి వండితే కొంత ఉప్పు పోతుంది. చద్దన్నంలో, మజ్జిగలో పైన చల్లుకునే ఉప్పు మానడం, పచ్చడిని అన్నమంతా కలపకుండా నంజుకోవడం, కూరలో ఉప్పు వారం వారం కాస్త కాస్తగా తగ్గించడం చేస్తే నాలుక నెలా రెండు నెలల్లో అలవాటు పడుతుంది. ఇంటిల్లిపాదికీ ఒకే కూర కాబట్టి, రోగి ఒక్కడికే చప్పిడి కూడు పెట్టి శిక్షించనక్కర లేదు. అందరూ తగ్గించడమే మేలు.

ఉప్పులో సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ప్రత్యామ్నాయ ఉప్పు కూడా ఉంది. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మంది మీద జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో దీని వల్ల పక్షవాతం నూటికి 14 వంతులు తగ్గింది. మన పక్కన తెలంగాణలోని సిద్దిపేట ప్రాంతపు పల్లెల్లో 502 మంది రక్తపోటు రోగులకు మూడు నెలలు ఇచ్చి చూస్తే పై అంకె నాలుగు పాయింట్లకు పైగా తగ్గింది. రుచి గురించి పెద్దగా ఫిర్యాదులు రాలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని సిఫారసు చేసింది. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇది ప్రమాదకరం. డాక్టరును అడగకుండా వాడరాదు.

కొలిచే పద్ధతి

తప్పుగా కొలిస్తే లేని జబ్బు ఉన్నట్టూ, ఉన్న జబ్బు లేనట్టూ కనిపిస్తుంది. ఎండలో నడిచి వచ్చి, వరుసలో తోసుకొని, నిలబడే చేయి చాస్తే అంకె పెరగక ఏమవుతుంది? కొలిచే ముందు అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట ముందు నుంచి టీ, బీడీ, చుట్ట ఉండకూడదు. మూత్రం ఆపుకొని ఉండకూడదు. పట్టీ చొక్కా మీద కాక చర్మం మీదే కట్టాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఆనాలి. రెండు సార్లు కొలవాలి. వచ్చిన అంకెను, తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే ఏ డాక్టరుకు చూపినా పనికివస్తుంది. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా కొలిపించుకోవాలి.

మూతి ఒక పక్కకు లాగడం, ఒక చేయి గాని కాలు గాని పట్టు తప్పడం, మాట తడబడటం – ఇవి పక్షవాతం గుర్తులు. దైవాలు, పసర్లు, తాయెత్తులు అంటూ గంటలు గడపకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే సూదిమందు నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. అది గడ్డ కట్టడమా, నాళం చిట్లడమా అన్నది స్కానింగు చేస్తే గాని తెలియదు. కనుక ఆ లోపు పెద్దాసుపత్రికి చేరాలి. ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి, చెమటలు పట్టినా అంతే తొందర పడాలి.

పొరుగున ఏం చేశారు?

రక్తపోటు అదుపునకు 2017 నవంబరులో దేశంలో అయిదు రాష్ట్రాల్లో ఒక పథకం మొదలైంది. వాటిలో తెలంగాణ ఒకటి. అందులో గొప్ప రహస్యమేమీ లేదు. డాక్టరు మారినా మందు మారకుండా అన్ని ఆసుపత్రుల్లో ఒకే వరుసలో ఒకే మందులు. ఒకేసారి నెలకు సరిపడా బిళ్ళలు. బి.పి. చూసి మందు ఇచ్చే పని డాక్టరు ఒక్కడి మీదే పెట్టకుండా నర్సులకూ అప్పగించడం. రోగి రాకపోతే ఫోను చేసి గాని, ఇంటికి వెళ్ళి గాని పిలవడం. ఎందరికి పరీక్ష చేశామన్నది కాక, ఎందరికి అదుపులోకి వచ్చిందన్నది లెక్క రాయడం. చికిత్సలో ఉన్నవారిలో సుమారు సగం మందికి రక్తపోటు అదుపులోకి వచ్చిందని కేంద్రం ప్రకటించింది. 2022లో ఐక్యరాజ్య సమితి పురస్కారం కూడా దీనికి లభించింది.

మన రాష్ట్రంలోనూ ఏర్పాట్లు లేకపోలేదు. 104 వాహనాలు పల్లెలకు వచ్చి బి.పి., మధుమేహం బిళ్ళలు ఇవ్వడం చాలా ఏళ్ళ కిందటే మొదలైంది. 2023 ఏప్రిల్‌లో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టరు విధానంలో ప్రతి గ్రామానికీ నెలకు రెండు సార్లు డాక్టరు వెళ్ళాలని నిర్ణయించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారవచ్చు. కాని రక్తపోటు రోగికి కావలసింది పేరు కాదు, ముప్పై రోజులకు ముప్పై బిళ్ళలు.

లంక గ్రామాల సంగతి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరంతా చివరికి కొల్లేటికే చేరింది. లంక గ్రామాల దారులు మునిగి రాకపోకలకు పడవలే దిక్కయ్యాయి. అటువంటి రోజుల్లో బియ్యం, పాలు, మంచినీళ్ళు అందించాలని అందరికీ గుర్తుంటుంది. బి.పి., మధుమేహం బిళ్ళలు అయిపోయినవారి సంగతి ఎవరికీ గుర్తుండదు. మందు ఆగిన వారం పది రోజుల ఫలితం వరద తీసిన తరువాత కనిపిస్తుంది. అప్పుడు దాన్ని వరద నష్టంలో ఎవరూ రాయరు.

కనుక వర్షాకాలం రాకముందే లంక గ్రామాల వారికి రెండు నెలల మందు ఒకేసారి ఇవ్వడం న్యాయం. ఇళ్ళలోనూ పదిహేను రోజుల బిళ్ళలు ఎప్పుడూ మిగులుగా ఉంచుకొని, తడవకుండా డబ్బాలో పెట్టుకోవాలి. చెరువుల మీద కాపలా కుటుంబాల పేర్లు సొంత ఊళ్ళోనే కాక, పనిచేసే చోట ఉన్న ఆరోగ్య కేంద్రంలోనూ రాయించే ఏర్పాటు ఉండాలి. చెరువుల యజమానులు తలచుకుంటే మేత బస్తాలతో పాటు నెలకోసారి కూలీల మందులు తెప్పించడం పెద్ద పని కాదు.

గ్రామస్థులు అడగవలసినవి

గ్రామసభల్లో రోడ్లు, మురుగు కాల్వల గురించి అడిగినట్టే ఈ నాలుగు సంగతులూ అడగడం ప్రజల హక్కు. మా ఊళ్ళో బి.పి. ఉన్నట్టు తేలినవారు ఎందరు? వారిలో ఈ నెల మందు తీసుకున్నవారు ఎందరు? వారిలో 140 లోపు ఉన్నవారు ఎందరు? మందు నిండుకున్న రోజులు ఎన్ని? మొదటి ప్రశ్నకు సమాధానం ఎక్కడైనా దొరుకుతుంది. రెండు, మూడు, నాలుగు ప్రశ్నలకు కూడా సమాధానం నెల నెలా పంచాయతీ గోడ మీద రాసిన నాడు పరిస్థితి మారుతుంది.

రోగులు చేయవలసింది కూడా ఉంది. రోజూ ఒకే వేళకు, పళ్ళు తోముకున్నట్టు, బిళ్ళ వేసుకోవడం. ఉప్పు తగ్గించడం. బీడీ, చుట్ట మానడం. సారాకు దూరంగా ఉండటం. బరువు ఎక్కువ ఉన్నవారు తగ్గడం. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే తాతకో అమ్మమ్మకో బిళ్ళ వేసే బాధ్యత వారికి అప్పగించవచ్చు. గోడ మీది క్యాలెండరులో వేసుకున్న రోజున గీత పెట్టించినా చాలు, మరిచిన రోజులు ఎన్నో నెలాఖరుకు తెలుస్తుంది.

పక్షవాతం వచ్చిన మనిషి ఒక్కడే మంచాన పడడు. అతని కూలి పోతుంది, చూసుకునేందుకు మరొకరి కూలి పోతుంది, పిల్ల చదువు ఆగుతుంది, కౌలు భూమి చేజారుతుంది. నెలకు కొద్ది రూపాయల మందుతో ఆపగలిగిన నష్టం ఇది. పరీక్షల సంఖ్య చూపి తృప్తి పడక, అదుపులో ఉన్నవారి సంఖ్య పెంచడంపై అధికారులు ఇకనైనా దృష్టి పెట్టవలసి ఉంది.